బంక్ క్లాసు

మా దీవి ఒక పాత క్యాష్ బుక్కులో మొదలైంది.
ముందు నుంచి తిరగేస్తే బోల్టులు, నట్లు, గొళ్ళేలు.
వెనక నుంచి తిరగేస్తే సముద్రం.

బ్రాడ్‌వే ఇనుప కొట్లో పదకొండేళ్ళుగా
జమ ఎడమ, ఖర్చు కుడి రాసే చెయ్యి నాది.
ఈ పేజీలో ఎడమవైపు ఒకటే వరుస:
చీటీ పాట, ఆరో నెల, నాకూ కస్తూరికీ చెరిసగం.
కుడివైపు ఎక్కడ ఆగాలో తెలీలేదు.

ఓడ టికెట్టు, బంక్ క్లాసు, ఇద్దరికి, రానూపోనూ.
మూడు రాత్రులు నీళ్ళ మీద.
విమానమైతే రెండు గంటలే అంది కస్తూరి.
ఆ రెండు గంటలకి మన రెండు నెలల జీతం అన్నాను.
వాంతుల మాత్రలు. నిమ్మకాయలు పది.
మొదటి రోజుకి పులిహోర, రెండో రోజుకి అటుకులు,
మూడో రోజుకి దేవుడు అని రాసి
కొట్టేసి
బన్నులు అని రాశాను.

దీవిని ఎంచింది కస్తూరి.
సేఠ్ గది గోడ మీది మ్యాపులో
ఈగ వాలి లేచినంత చుక్క.
"హోటల్ లేదంట. సిగ్నల్ లేదంట.
కరెంటు సాయంత్రం కాసేపేనంట."
లేనివన్నీ చెబుతుంటే దాని మొహం
బోనస్ కవరు అందుకున్నట్టు వెలిగింది.
ఎవరి కాలూ పడని ఇసుక అంది.
మన కాళ్ళు పడతాయిగా అన్నాను.
అవి లెక్కలోకి రావులేవే,
ఐదో నంబరు చెప్పులు, అవీ అరిగినవి.

టికెట్లిచ్చే రోజు
లంచ్ గంట కోసుకుని రాజాజీ సాలై దాకా నడిచాం.
క్యూలో మా ముందొకావిడ
ఎక్స్‌రే కవరు ఎండకి అడ్డం పెట్టుకుని
మా గొడవంతా విని వెనక్కి తిరిగింది.
"తెలుగోలేనా?"

పేరు పైడితల్లి. తాత కాలంలోనే
బారువలో పడవెక్కి అటు తేలిపోయారంట.
మోకాలి స్కానుకి ఇంతదూరం,
వచ్చి పదహారు రోజులు.
కస్తూరి గర్వంగా చుక్క పేరు చెప్పింది.
"మా ఊరే! ఏటుందమ్మా అక్కడ సూడ్డానికి?
నీల్లు, సెట్లు, మా మరిది.
పన్నొప్పొస్తే రెండ్రోజులు పడవ కోసం కూకోవాల."

ఆఖరి బంకు ఆవిడకి దొరికింది.
మా వంతుకి కౌంటర్ కిటికీ మూసేశారు.

మెట్ల మీద కూర్చుని, కొంగు ముడిలో మిగిలిందాన్ని
వేళ్ళతో తడుముకుంటూ అడిగింది:
"ఓడ ఎల్లుండి. ఈలోగా ఊరు సూడాలంటే
తక్కువలో తక్కువ ఎంతవుద్ది?
లిఫ్టు ఎలగుంటాదో మనవరాలికి సెప్పాల.
ఎక్కితే డబ్బులడుగుతారా?"

క్యాష్ బుక్ తీశాను.
దీవి కింద గీత గీసి కొత్త పద్దు:
ఊరు. ఒకరికి. ఒకటిన్నర రోజు.
బస్సు, ఆడవాళ్ళకి ఏమీ లేదు.
లిఫ్టు, మా సేఠ్ బిల్డింగుదే, ఏమీ లేదు.
సుండల్ పొట్లం, ఇరవై.
మెరీనా అని రాయబోతే చెయ్యి పట్టుకుంది.
"సముద్రమొద్దమ్మా. అది ఇంటికాడుంది."

మూడుసార్లు ఎక్కింది, మూడుసార్లు దిగింది,
ఎక్స్‌రేని గుండెకి హత్తుకుని.
నాలుగో అంతస్తులో తలుపు తెరుచుకుంటే
హార్బర్ క్రేనులు,
వాటి కాళ్ళ సందున నీలంగా ఒక గీత.
నేనెప్పుడూ అంతదాకా ఎక్కలేదు.
నా కుర్చీ మొదటి అంతస్తులో, గోడకి ఎదురుగా.
"రోజూ ఇక్కడే ఉంటారా మీరు?" అంది,
అచ్చం చుక్క గురించి చెప్పేటప్పటి
కస్తూరి గొంతుతో.

వెళ్తూ వెళ్తూ, వస్తే జిప్పులు తెమ్మంది,
కుట్టుమిషన్ పనికి. అక్కడ తుప్పు పడతాయంట.

తర్వాతి ఓడ ఎప్పుడో బోర్డు మీద రాస్తారట.
కుడివైపు అడుగున ఇంకో వరుస కలిపాను:
జిప్పులు, డజను, ప్లాస్టిక్‌వి, గోధుమరంగు.
సేఠ్ లేనప్పుడు కస్తూరి కుర్చీ ఎక్కి
మ్యాపులో ఆ చుక్క పక్కన
పెన్సిల్‌తో సన్నగా రాసింది:
మరిది.